కాలాపాని: మనసు మారని ఖైదీలు

1996లో వచ్చిన ‘కాలాపాని’ సినిమాను గుండెలకు హత్తుకున్న తరం ఇప్పుడు నడివయసులో ఉంది. ప్రియదర్శన్ మలయాళంలో తీసిన ఆ చిత్రం తెలుగులోకీ అనువాదమై వచ్చింది. మోహన్‌లాల్, ప్రభు, టబు, అమ్రిష్ పురి నటన, ఇళయరాజా సంగీతం, సంతోష్ శివన్ ఛాయాగ్రహణం, సాబు సిరిల్ కళాదర్శకత్వం కలసి అండమాన్‌లోని సెల్యులార్ జైలును దక్షిణాది ప్రేక్షకుడి కళ్లెదుట నిలబెట్టాయి. ఛాయాగ్రహణానికీ కళాదర్శకత్వానికీ జాతీయ పురస్కారాలు దక్కాయి. పాఠ్యపుస్తకంలో ‘ద్వీపాంతరవాసం’ అనే ఒక్క మాట చదివి ముందుకు సాగిపోయిన విద్యార్థికి, ఆ మాట వెనుక గానుగ, సంకెళ్లు, కొరడా ఉన్నాయని చూపింది ఆ సినిమాయే.

హింస మితిమీరిందన్న విమర్శ వస్తే అభిమానుల దగ్గర బలమైన సమాధానం ఉండేది: జరిగినదానిలో తెరకెక్కింది కొంతే. ఈ విషయంలో చరిత్ర పూర్తిగా వారి పక్షానే నిలుస్తుంది. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ జైలుకు ఏడు విభాగాలు, మూడంతస్తులు, దాదాపు 700 ఒంటరి గదులు. ఒక విభాగంలోని ఖైదీకి ఎదుటి విభాగం వెనుక గోడ తప్ప మరో మనిషి ముఖం కనిపించకుండా కట్టారు. ఎద్దులు లాగవలసిన గానుగకు మనుషులను కట్టి, రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయాలని లెక్కపెట్టారు. ఆ చాకిరీ భరించలేక 1912లో ఇందుభూషణ్ రాయ్ ఉరిపోసుకున్నారు. ఉల్లాస్కర్ దత్ మతి చలించి మదరాసులోని పిచ్చాసుపత్రికి చేరారు. సినిమాలోని జైలర్ డేవిడ్ బారీ కల్పిత పాత్ర కాదు, ఖైదీలను గడగడలాడించిన నిజమైన అధికారి. కాబట్టి ఆ సినిమాపై కాలక్రమాన వచ్చిన పునరాలోచనకు హింస కారణం కాదు. కారణం కథానాయకుడి స్వభావంలోనే ఉంది.

కథ 1915 ప్రాంతంలో సాగుతుంది. రైలు పేల్చాడన్న తప్పుడు నేరం మోపబడి అండమాన్ చేరిన వైద్యుడు గోవర్ధన్, చివరకు బారీనీ అతని అనుచరుడు మీర్జాఖాన్‌నూ హతమార్చి ఉరికంబమెక్కుతాడు. నిజమైన బారీ ఏ ఖైదీ చేతిలోనూ చావలేదు. ఆమాత్రం స్వేచ్ఛ సినిమాకు ఇవ్వవచ్చు, అందులో పెద్ద పేచీ లేదు. కానీ ఆ చిత్రంలో ఖైదీలు స్థూలంగా రెండే రకాలు: లొంగనివారు, ద్రోహులు. లోపలికి అడుగుపెట్టిననాటి మనిషే చివరిదాకా మిగులుతాడు. వాస్తవంలో ఆ ఒంటరి గదులు మనుషులను మార్చాయి. ఒకే గానుగ తిప్పినవారు పరస్పర విరుద్ధమైన దారుల్లోకి మళ్లారు. దేశ రాజకీయాల్లో ఈనాటికీ చల్లారని వివాదాలు కొన్ని ఆ మలుపుల దగ్గరే పుట్టాయి.

సావర్కర్ సంగతే చూడాలి. చిత్రంలో ఆ పాత్రను అన్నూ కపూర్ పోషించారు. యాభై ఏళ్ల శిక్షతో 1911 జులైలో జైలుకు వచ్చిన సావర్కర్, అంతకు రెండేళ్ల ముందు 1857 తిరుగుబాటుపై వెలువరించిన గ్రంథంలో హిందూ ముస్లింల ఉమ్మడి పోరాటాన్ని కీర్తించారు. అండమాన్ నుంచి ప్రధాన భూభాగపు జైళ్లకు మారిన తర్వాత, 1923లో, ‘హిందుత్వ’ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. ఈ రెండు పుస్తకాల మధ్య ఉన్నది అండమాన్. 1913 నాటి వినతిపత్రంలో తనను విడుదల చేస్తే రాజ్యాంగబద్ధ మార్గంలో నడుస్తాననీ, ప్రభుత్వానికి ఏ హోదాలోనైనా సేవ చేస్తాననీ రాశారు. అది లొంగుబాటని ఒక వర్గం, బయటపడేందుకు పన్నిన ఎత్తని మరో వర్గం వాదిస్తూ వస్తున్నాయి. రెండో వాదాన్ని పరీక్షించడానికి అదే జైలు నుంచి మరో ఉదాహరణ దొరుకుతుంది. 1920లో రాజు ప్రకటించిన క్షమాభిక్ష కింద విడుదలైన శచీంద్రనాథ్ సన్యాల్, 1924లో హిందూస్థాన్ రిపబ్లికన్ అసోసియేషన్‌ను స్థాపించి, కాకోరి కేసులో శిక్షపడి మళ్లీ అండమాన్ చేరారు. విడుదల తర్వాత ఏంచేశారన్నదే తూకపురాయి అయితే, సన్యాల్ పక్కన సావర్కర్‌ను నిలబెట్టి చూడక తప్పదు.

1996లో థియేటర్లో కూర్చున్న ప్రేక్షకుడికి ఇవేవీ అడ్డురాలేదు. అతనికి తెరపై సావర్కర్ యాతన పడుతున్న ఖైదీల్లో ఒకరు. 2002లో పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టడం, 2003లో పార్లమెంటు సెంట్రల్ హాల్లో ఆయన చిత్రపటం ఆవిష్కరించడం, 2004లో జైలు ఆవరణలోని ఆయన ఫలకాన్ని తొలగించడంపై మణిశంకర్ అయ్యర్ చుట్టూ రేగిన దుమారం—వీటి తర్వాత అదే దృశ్యం అదే కంటికి వేరుగా కనిపించసాగింది. ఒకరు ఆ సినిమాను సాక్ష్యంగా చూపారు, మరొకరు ప్రచారమని కొట్టిపారేశారు. ఇద్దరూ దానిపై మోయలేని భారం పెట్టారు. ఆ సినిమా సావర్కర్‌ను ఏమీ ఆలోచించనివ్వలేదు. ఆలోచించని మనిషి ఏ వాదానికీ సాక్షి కాలేడు.

మీర్జాఖాన్ పాత్ర మరింత ఇబ్బంది పెడుతుంది. అది గాలిలోంచి ఊడిపడలేదు. రాజకీయ ఖైదీలను వేధించిన పఠాన్ వార్డర్లు సావర్కర్ ఆత్మకథలో పదేపదే ఎదురవుతారు. ఖైదీలను ఖైదీలచేతనే కొట్టించడం ఆ జైలు నడిచిన పద్ధతి. అందుకు మతాన్ని, ప్రాంతాన్ని వాడుకోవడం పాలకుల నేర్పు. అమ్రిష్ పురి కంఠం ఆ పద్ధతిని ఒక మనిషి దుర్మార్గంగా కుదించివేసింది. ఇదే దీవుల్లో 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయోను కత్తితో పొడిచి చంపిన షేర్ అలీ అఫ్రీదీ కూడా పఠానే, ఖైదీయే. వైపర్ దీవిలో అతన్ని ఉరితీశారు. ఈ పేరు మనసులో పెట్టుకొని మీర్జాఖాన్‌ను చూస్తే, మునుపటి ఆగ్రహం అంత సూటిగా రాదు.

ఇంకా వెనక్కి వెళితే ద్రోహి, వీరుడు అనే మాటలే తడబడతాయి. 1858 మార్చిలో తొలి విడతగా 200 మంది ఖైదీలను ఈ దీవులకు తెచ్చారు. ఆ ఏడే పారిపోయిన వారిలో దూధ్‌నాథ్ తివారీ అనే సిపాయి ఒకడు. 1857 తిరుగుబాటులో శిక్షపడినవాడు. అతన్ని అండమాన్ ఆదివాసులు చేరదీశారు, పెళ్లి చేశారు. దాదాపు ఏడాదిపాటు వారితో బతికాడు. 1859 మేలో వారు బ్రిటిష్ స్థావరంపై దాడికి బయల్దేరినప్పుడు ముందే వెళ్లి అధికారులకు చెప్పేశాడు. అబర్దీన్ యుద్ధంలో ఆదివాసులు ఓడారు, అతనికి క్షమాభిక్ష దక్కింది. ఏ జాతీయ గాథ ఈ మనిషికి చోటిస్తుంది? గ్రేట్ అండమానీలు ఆనాడు వేలల్లో ఉండేవారు. 1901 జనగణనలో 625 మంది. 1961లో 19 మంది. దేశభక్తులు ఏ నేలపై యాతన పడ్డారో, ఆ నేల సొంతదారులు ఎవరో చెప్పడం ‘కాలాపాని’ వంటి చిత్రాల పని కాదని అభిమానులు అనవచ్చు. కాకపోవచ్చు. కానీ ఆ సినిమాయే అండమాన్ చరిత్ర అని చెప్పుకున్నంతకాలం ఆ ప్రశ్న అడగవలసిందే.

1930ల నాటి ఖైదీల మార్పు వేరే దిక్కున సాగింది. 1933 నిరాహారదీక్షలో బలవంతంగా ఆహారం ఎక్కించడంతో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మొయిత్రా మరణించారు. ఆ తర్వాత చదువుకు వీలు దొరికింది, పుస్తకాలు వచ్చాయి, జైల్లోనే మార్క్సిస్టు బృందం ఏర్పడింది. బాంబుతో వచ్చినవారు బాంబుపై నమ్మకం వదులుకొని కార్మిక, రైతు ఉద్యమాల ఆలోచనతో బయటికి వచ్చారు. భగత్‌సింగ్ సహచరుడు బిజయ్ కుమార్ సిన్హా ఆ రోజుల గురించి 1939లో పుస్తకం రాశారు. తర్వాత హైదరాబాదులో స్థిరపడ్డారు. తెలుగు పాఠకుడికి ఇంత దగ్గరలో మసలిన అండమాన్ ఖైదీ కంటే తెరపై గోవర్ధనే ఎక్కువ పరిచితుడు కావడం విచిత్రం.

మనవైపు నుంచి వెళ్లినవారికీ అదే గతి పట్టింది. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో ప్రధాన ముద్దాయి ప్రతివాది భయంకరాచారి అండమాన్ వెళ్లివచ్చారు. గాం గంటందొర తమ్ముడు మల్లుదొర మన్యం పోరాటంలో పట్టుబడి ద్వీపాంతరం పాలయ్యారు. 1974లో కృష్ణ నూరవ చిత్రంగా వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ నాయకుడి మరణంతో ముగుస్తుంది. తెలుగు ప్రేక్షకుడి జ్ఞాపకంలో రంప పోరాటమూ అక్కడే ముగిసిపోయింది. మల్లుదొర జీవితం మాత్రం ఆగలేదు. శిక్ష అనుభవించి తిరిగివచ్చి, 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. విల్లు పట్టి రాజ్యాన్ని ఎదిరించిన గిరిజనుడు ఓటు అడిగి చట్టసభలో కూర్చున్న ఆ మధ్యకాలంలో ఆయన మనసులో ఏం జరిగిందన్నది, చంపి ఉరికంబమెక్కడం కంటే పెద్ద కథ.

‘కాలాపాని’లో కథ చెప్పే చట్రం 1965లో మొదలవుతుంది. గోవర్ధన్ ఏమయ్యాడో తెలుసుకునేందుకు మేనల్లుడు అండమాన్ వెళతాడు, ఉరి సంగతి తెలుసుకుంటాడు, ఇంకా ఎదురుచూస్తున్న పార్వతికి నిజం చెప్పలేక ఊరుకుంటాడు. సినిమా మొత్తంలో మనసులో ఊగిసలాట కనిపించే క్షణం అదొక్కటే. ఇప్పటికీ చెక్కుచెదరనిదీ అదే. నిజంగా ఆ ఏడాది అక్కడికి వెళ్లినవాడికి పూర్తి జైలు కనిపించేది కాదు. కొన్ని విభాగాలు అప్పటికే నేలకూలాయి, 1963లో ఆ ఆవరణలో ఆసుపత్రి వెలిసింది. మిగిలినదాన్నైనా కూల్చవద్దని మాజీ రాజకీయ ఖైదీలు, ఈసారి స్వతంత్ర ప్రభుత్వానికి, మొరపెట్టుకోవలసి వచ్చింది. 1979 ఫిబ్రవరి 11న మొరార్జీ దేశాయ్ ఆ జైలును జాతీయ స్మారకంగా అంకితం చేసేనాటికి ఏడింటిలో మూడు విభాగాలే నిలిచి ఉన్నాయి.