చెరువు అంచు పచ్చిక: పశ్చిమ నెల్లూరు మందల్లో జలగ వ్యాధి చరిత్ర

ఆత్మకూరు పరిసరాల్లోని ఊళ్ల పేర్లను ఒకసారి గమనించండి. అనంతసాగరం, అనుమసముద్రంపేట. సముద్రానికి దూరంగా ఉన్న ఈ మెట్ట ప్రాంతంలో సాగరాలు, సముద్రాలు అంటే చెరువులే. ఉదయగిరి దుర్గాన్ని 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి స్వాధీనం చేసుకోవడం మీరు వెనకటి పాఠాల్లో చదివారు. ఆ కొండ కింద చెరువు గట్ల వెంబడి మందలు తోలుకున్నవారి చరిత్రను మాత్రం మన పుస్తకాలు అంతగా పట్టించుకోలేదు. ఈ పాఠంలో ఆ చరిత్రలోని ఒక చిన్న భాగాన్ని, ఒక పురుగు ద్వారా చూద్దాం.

నెల్లూరు పశుసంపదకు పేరున్న జిల్లా. ఒకప్పుడు ఈ జిల్లాలో భాగంగా ఉన్న ఒంగోలు ప్రాంతపు పశువులనే బ్రెజిల్‌లో నేటికీ 'నెలోర్' అంటారు. పల్లా, జోడిపి, దొర రకాల నెల్లూరు గొర్రెలు ఈ మెట్ట ఎండలకు తట్టుకుని పెరిగినవి. అయితే పశువుల మరణాలకు సంబంధించిన వలస పాలన కాలపు రాతలు తిరగేస్తే ఎక్కువగా కనిపించేది రిండర్‌పెస్ట్. భారతీయ పశువ్యాధులపై 1871లో వెలువడిన కమిషనర్ల నివేదికకు కూడా ప్రధాన కారణం అదే. ఒకే వారంలో ఊరంతా పశువులు పడిపోతే అధికారి గుర్రమెక్కి వస్తాడు. ఒక గొర్రె మూడు నెలలపాటు చిక్కి చిక్కి చనిపోతే ఎవరు రాస్తారు? దస్తావేజు లేకపోవడం నష్టం లేకపోవడం కాదు. చరిత్ర విద్యార్థిగా ఈ తేడాను మీరు గట్టిగా పట్టుకోవాలి.

అలా మెల్లగా చంపేదే కార్జపు జలగ. పేరుకు జలగ అన్నా, ఇది జలగ జాతికి చెందినది కాదు. బల్లపరుపు పురుగుల వర్గంలోనిది. మన ప్రాంతాల్లో కనిపించే ఫాసియోలా జైగాంటికా ఆకులా పలుచగా, రెండు మూడు అంగుళాల వరకు పెరుగుతుంది. నా చిన్నతనంలో మా మందలో ఒక గొర్రెకు దవడ కింద సంచిలా నీరు దిగితే, పెద్దలు దాన్ని నీటి దోషమన్నారు. కోసిన తరువాత కార్జంలో ఆకుల్లాంటి పురుగులు కనిపించాయి. నీటి దోషమన్న మాట పూర్తిగా తప్పేమీ కాదని నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది.

ఆ సంగతి తేలిన కథ ఇంగ్లండులో మొదలవుతుంది. 1879-80లో అక్కడ ఈ వ్యాధి వల్ల సుమారు 30 లక్షల గొర్రెలు నశించాయి. కారణం వెతకడానికి పూనుకున్న ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త ఏ.పి. థామస్, జర్మనీలో విడిగా పనిచేసిన లూకార్ట్, 1880ల తొలి సంవత్సరాల్లోనే ఒకే నిర్ణయానికి వచ్చారు: ఈ పురుగు బతుకు నత్త లేకుండా సాగదు. గొర్రె పెంటికలతో పడిన గుడ్డు నీటిలో పొదిగి, పిల్ల నత్తలో చేరి, అక్కడ పెరిగి బయటికి ఈది గడ్డికి అంటుకుంటుంది. ఆ గడ్డిని మేసిన గొర్రె కార్జానికి అది చేరుతుంది.

ఇప్పుడు దీన్ని మన చెరువుకు అన్వయించి చూడండి. ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు చెరువు నిండుతుంది. సంక్రాంతి దాటాక నీరు వెనక్కి తగ్గే కొద్దీ అంచున పచ్చిక మొలుస్తుంది. చుట్టూ కొండలన్నీ ఎండిపోయిన వేళ మంద అక్కడికి కాక ఎక్కడికి పోతుంది? పురుగు కాచుకుని ఉండేదీ అక్కడే. కాపరి అజ్ఞానం వల్ల తోలాడనడం అన్యాయం. అతనికి వేరే పచ్చిక లేదు.

నీరు ఎండిపోతే చాలా నత్తలు చనిపోతాయి, కొన్ని బురద పొరలో దాక్కుంటాయి. సోమశిల జలాశయం, దాని కాలువలు వచ్చాక కొన్ని చోట్ల నీరు ఎక్కువ నెలలు నిలిచింది. పంటకు మేలు, నత్తకూ మేలు. ఇది నా అభిప్రాయం, మీరు విభేదించవచ్చు.

ఎద్దుల గురక వ్యాధి కథ మన రాష్ట్రానికి మరింత దగ్గరిది. ముక్కులో పూలకోసులాంటి కండ పెరిగి, చీమిడి కారుతూ ఎద్దు గురకపెడుతుంది. నెల్లూరు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1933లో, మద్రాసులో ఎం. అనంత నారాయణరావు దీనికి కారణమైన రక్తపు పురుగు షిస్టోసోమా నేసేల్‌ను వర్ణించారు. చీమిడిని సూక్ష్మదర్శినిలో చూస్తే కొడవలిలా వంగిన గుడ్లు కనిపిస్తాయి. కార్జపు జలగను మోసే నత్త గుల్ల మొన తేలి ఉంటుంది. గురక పురుగును మోసేది పొట్టేలు కొమ్ములా బల్లపరుపుగా చుట్టుకున్న గుల్ల. ఈ పురుగు గడ్డితో పనిలేకుండా నీటిలో దిగిన ఎద్దు చర్మంలోంచే దూరుతుంది.

నివారణ చరిత్రలో తప్పటడుగులు చాలా ఉన్నాయి. 1920లలో గొర్రెలకు కార్బన్ టెట్రాక్లోరైడ్ తాపించారు. జలగతోపాటు కొన్నిసార్లు గొర్రె కూడా చచ్చేది. చెరువులో మైలుతుత్తం కలిపితే నత్తలతోపాటు చేపలు పోతాయి. 1980లలో వచ్చిన ట్రైక్లాబెండజోల్ పిల్ల జలగలనూ చంపింది, కానీ 1990లలోనే ఆస్ట్రేలియాలో దానికి లొంగని జలగలు బయటపడ్డాయి. అందుకే పేడ పరీక్ష చేయించాకే నట్టల మందు తాపమని పశువైద్యులు చెబుతారు. అంచు గడ్డిని కోసి బాగా ఎండబెట్టి వేస్తే ముప్పు చాలా తగ్గుతుంది. నత్తలను తినే బాతులను వరి కోసిన మడుల్లో తిప్పడం నెల్లూరు డెల్టాలో ఇప్పటికీ చూడవచ్చు. మెట్టలో అన్ని నీళ్లు ఎక్కడివి?

అభ్యాసంగా మీ ఊరి చెరువు గట్టు మీద మందలు మేపే ఒక పెద్దాయనతో మాట్లాడండి. దవడ వాపును ఆయన ఏ పేరుతో పిలుస్తారో, ఏ నెలలో చూశారో, అప్పట్లో ఏ మందు తాపేవారో ఆయన మాటల్లోనే రాసుకోండి.