చర్మకారుడైన సీమోను ఇల్లు



గత ఆదివారం ఆరాధన అయ్యాక ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు. "అయ్యగారూ, మా తాత తోళ్ళ పని చేశాడని అందరి ముందు చెప్పకండి. కాలేజీ స్నేహితులు వచ్చారు" అన్నాడు. ఆ మాట నన్ను వారమంతా వదలలేదు.

మన ఇబ్రహీంపట్నం నుండి హైదరాబాద్ వెళ్తుంటే వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలి ఉంది కదా. 1975లో కృష్ణజింకల కోసం పార్కుగా మారిన ఆ నేల ఒకప్పుడు నిజాముల వేటస్థలం. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటలో పేరుమోసినవాడు. 1902లో వైస్రాయ్ కర్జన్ కూడా వరంగల్ వైపు నెక్కొండ అడవులకు పులివేటకు వచ్చాడు. ఆనాటి ఫోటోల్లో తుపాకులు, దొరలు, చచ్చిన పులి కనబడతాయి. తోలును కాపాడిన చేతులు మాత్రం కనబడవు.

పులిని చంపడానికి ఒక్క తూటా చాలు. తోలు నిలవాలంటే చాలా ఓర్పు కావాలి. మన ఎండలకు కొన్ని గంటల్లోనే తోలు కుళ్ళడం మొదలై వెంట్రుకలు ఊడిపోతాయి. అందుకే వెంటనే ఒలిచి, మాంసం, కొవ్వు గీకేసి, చెవుల దగ్గర, పెదవుల దగ్గర కూడా వదలకుండా ఉప్పు రుద్దాలి. ఉప్పు నీటిని లాగేస్తే కుళ్ళు ఆగుతుంది. తర్వాత నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో వేస్తే పైన బిగిసి లోపల చెడిపోతుంది. అలా నిలిచిన పులి, చిరుత తోళ్ళు దేశం నలుమూలల నుండి మైసూరులోని వాన్ ఇంగెన్ వారి కర్మాగారానికి చేరేవి. అది 1999లో మూతపడింది.

ఊళ్ళో పశువుల తోళ్ళకు పద్ధతి వేరు. సున్నపు నీళ్ళలో నానబెట్టి వెంట్రుకలు తీసి, లందలో తంగేడు చెక్కతో పదును చేసేవారు. రైతు బావి నుండి నీళ్ళు తోడిన మోట తోలుదే, కాలి చెప్పు తోలుదే, పండుగకు మోగిన డప్పు తోలుదే. ఊరు ఆ వస్తువులను వాడుకుంది, చేసిన మనిషిని మాత్రం దూరం పెట్టింది. ఆ తంగేడు పువ్వే నేడు మన తెలంగాణ రాష్ట్ర పుష్పం!

1972 చట్టం వన్యమృగాల వేటను కట్టడి చేసింది, అది మంచిదే. గోడమీది పులితోలు ఇక గొప్ప కాదు. అయితే తోలు పనికి అంటగట్టిన సిగ్గు ఇంకా పోలేదు.

అపొస్తలుల కార్యములు 9:43 తెరవండి. పేతురు యొప్పేలో చాలా దినాలు ఎవరి ఇంట ఉన్నాడు? చర్మకారుడైన సీమోను ఇంట. చచ్చిన జంతువును ముట్టినవాడు అపవిత్రుడని ధర్మశాస్త్రం నేర్చుకున్న పేతురు ఆ ఇంట భోజనం చేశాడు. ఏ మనిషినీ అపవిత్రుడనకూడదని దేవుడు అతనికి నేర్పింది ఆ మిద్దెమీదనే. అన్యజనులకు సువార్త తలుపు తెరుచుకున్నది తోళ్ళ వాసన వచ్చే ఇంటి నుండే.

తమ్ముడూ, నీ తాత పేరు దాచకు. దేవదూత కొర్నేలికి చెప్పిన చిరునామాలో ఆ వృత్తి పేరు కూడా ఉంది.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.