పరిమళం ఇంటిపేరు కాదు, పేరే: కవోరు

జపాన్‌లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ పెట్టే కవోరు అనే పేరును చిరస్థాయిగా నిలిపింది ఒక కథలోని యువకుడు. 11వ శతాబ్దం తొలినాళ్లలో మురసాకి షికిబు రాసిన ‘గెంజి మొనొగతరి’లో కథానాయకుడు గెంజి కన్నుమూశాక, అతని కొడుకని లోకం నమ్మే కుర్రవాడి మీదికి కథ మళ్లుతుంది. అతని ఒంటికి పుట్టుకతోనే సువాసన. చాటున నిలబడ్డా జాడ దాగదు. ఆ కాలపు దర్బారులో దొరలూ దొరసానులూ ధూపద్రవ్యాలు తామే కలుపుకుని బట్టలకు పొగ పట్టించేవారు. ఇతనికి ఆ అవసరమే లేదు. అతనితో పోటీపడే నియో యువరాజు మాత్రం ఆ వాసనకు సాటి రావాలని ధూపాలతో కుస్తీ పడతాడు. కవోరు అంటే పరిమళించడం. అది పెద్దలు పెట్టింది కాదు, కథలో జనం పిలుచుకున్న పేరు. ఇంత సుకుమారమైన గుణాన్ని మగవాడికిచ్చింది ఒక రచయిత్రి కావడం నాకెంతో ఇష్టం.

మేజీ కాలపు విదేశాంగమంత్రి ఇనోవుయె కవోరు (1836–1915) పేరు పలుకు అదే అయినా రాసే అక్షరం వేరు. దాని అడుగున సువాసన గుర్తు, పైన రాతిపలకల వాద్యం గుర్తు. నాదంలా దూరానికి పాకే పరిమళం, అంటే కీర్తి. పనివాళ్లే చిన్న బృందాలుగా చేరి నాణ్యత పెంచుకునే క్వాలిటీ సర్కిళ్ల రూపశిల్పి ఇషికావా కవోరు (1915–1989)దీ ఇదే అక్షరం. ఆయన 1962లో జపాన్‌లో మొదలుపెట్టిన ఆ పద్ధతి, 1980ల తొలినాళ్లలో మన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌కు చేరి దేశమంతా పాకింది.

స్త్రీలలో ఈ పేరుతో వెలిగినవాళ్లు కొందరు దాన్ని వృత్తి కోసం పెట్టుకున్నారు. తకరజుకా ఆడవాళ్ల నాటక బృందం నుంచి సినిమాల్లోకి వచ్చిన యచిగుసా కవోరు, ‘గుయిన్ సాగా’ నవలామాలను వంద సంపుటాలు దాటించిన కురిమొతొ కవోరు, 1993లో నవొకి సాహిత్య బహుమతి పొందిన నేరకథల రచయిత్రి తకమురా కవోరు – ముగ్గురివీ పుట్టుపేర్లు కావు. 1969లో అకుతగవా సాహిత్య బహుమతి అందుకున్న షోజి కవోరు మాత్రం మగవాడు, అతనిదీ కలంపేరే. రాసింది ఎవరో తేల్చుకోకముందే పాఠకుణ్ని కథలోకి లాగే శక్తి ఈ పేరుకుంది. అందుకే రచయితలు దాన్ని ఇంత కోరుకున్నారని నా నమ్మకం.

ఖతార్ ప్రపంచకప్‌లో 2022 డిసెంబర్ 1న స్పెయిన్ మీద గీత దాటబోయే బంతిని వెనక్కి అందించి గోల్ చేయించిన ఫుట్‌బాల్ ఆటగాడు మితొమా కూడా కవోరే. అతని పేరులోని అక్షరానికి నెత్తిన గడ్డి గుర్తుంటుంది. దాన్నే కవోరి అని చదివితే ఎక్కువగా ఆడపిల్లల పేరవుతుంది. గతంలో అక్షరమే తప్ప పలుకు నమోదు చేయని జపాన్ కుటుంబ రిజిస్టర్లలో, 2025 మే 26 నుంచి అమలైన చట్టం ప్రకారం ఇప్పుడు పలుకునూ రాస్తున్నారు.