మాయావనము: ఒక కథలతోట చరిత్ర

రాజుల చరిత్రలు, రాజ్యముల చరిత్రలు వ్రాసినవారు పెక్కురు కలరు. పసిబిడ్డల కొఱకు కట్టబడి, పాడువడిన ఒక తోట చరిత్రను వ్రాయబూనుట కొందఱికి వింతగా తోపవచ్చును. ఈ రజతోత్సవవేళ దానిని చదువరుల ముందుంచుటకు కారణము కలదు. తుదిని మనవి చేసెదను.

అమెరికా దేశమున మేరీలాండు రాష్ట్రమునందు, బాల్టిమోరు నగరమునకు చేరువను ఎల్లికాట్ సిటీ అను ఊరు కలదు. అచ్చట 40వ నంబరు రహదారి ప్రక్కను హోవార్డు హారిసన్ అను నాతడు తన కుమారునితో కూడి 'ఎన్‌చాంటెడ్ ఫారెస్టు', అనగా మాయావనము, అను తోటను నెలకొల్పెను. 1955 ఆగస్టు 15వ తేదీన, మన స్వాతంత్ర్యదినమునాడే, దాని ద్వారము తెఱవబడెను. లోకప్రసిద్ధమైన డిస్నీలాండు తెఱవబడి అప్పటికి నెలదినములు కాలేదు.

గ్రామలెక్కలు వ్రాసినవాడను గావున విస్తీర్ణము చెప్పక యుండజాలను. తొలుత 20 ఎకరములు. పెరిగి పెరిగి 52 ఎకరములు. మొదట అందు యంత్రములతో తిరుగు ఆటలు లేవు. బూటులో కాపురమున్న ముసలమ్మ, మూడు ఎలుగుబంట్ల యిల్లు, సిండరెల్లా ఎక్కిన గుమ్మడికాయ బండి, ఇవియే అచ్చటి వేడుకలు. తాను విన్న కథలోనికి బిడ్డ తన కాళ్లతో నడచిపోవుటయే వినోదము.

ఆ ప్రాంతమున నాడు నల్లవారిని లోనికి రానీయని వినోదస్థలములు కలవు. బాల్టిమోరు చెంతనున్న గ్విన్ ఓక్ పార్కు, ఎందఱో నిరసన సలిపి నిర్బంధింపబడిన పిమ్మటగాని, 1963 ఆగస్టు 28వ తేదీన వారికి తెఱవబడలేదు. మాయావనము మాత్రము తొలినాటినుండియు ఎల్ల బిడ్డలను లోనికి రానిచ్చెను.

కాలము మాఱెను. కొత్త రహదారి పడి, 40వ నంబరు దారిని పోవు బాటసారులు తగ్గిరి. పెద్ద పెద్ద వినోదశాలలు వెలసెను. 1988లో తోట అమ్ముడుపోయెను, అనంతరము మూతపడెను. కొంత మేర అంగళ్లు లేచెను. తక్కిన బొమ్మలు చెట్లనడుమ వానకు తడిసి, ఎండకు పగిలి, తీగలలో మునిగిపోయెను.

2004లో ఆ గుమ్మడికాయ బండిని ధర్మకార్యము నిమిత్తము వేలము వేసిరి. అది సమీపముననే యున్న క్లార్కు వారి ఎలియోక్ వ్యవసాయక్షేత్రమును చేరెను. పిమ్మట ఏండ్ల తరబడి ఒక్కొక్క బొమ్మను పెకలించి, బండ్లపై తరలించి, అతికి రంగులువేసి అచ్చట నిలిపిరి. నాడు బిడ్డలై చూచినవారు తమ బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చి వానిని మరల చూచిరి.

ఇక నా మనవి. కట్టడము కూలవచ్చును, నేల చేతులు మాఱవచ్చును. కథను నిలుపునది ఇరుగుపొరుగుల పూనికయే. మన గ్రంథాలయమునకును అదియే ఆధారము. చినిగిన పుటను అతుకు చేయియు, ఏ గడపనుండి వచ్చిన బిడ్డకైనను తెఱచియుండు తలుపును ఉన్నంతకాలము ఇది పాడువడదు.

శుభమ్.