సాగర్‌లో అసలు ఎంత చోటుంది?

పోయిన నెల మా సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది. 'డీఎఫ్' కొడితే 98 శాతం వాడేశారంది. 'డీయూ'తో ఫోల్డర్లన్నీ కూడితే అందులో సగం కూడా తేలలేదు. రెండూ 1971 నాటి మొదటి యునిక్స్ నుంచీ ఉన్న కమాండ్లే, మరి తేడా ఎక్కడ? చివరికి దొరికింది. డిలీట్ చేసిన లాగ్ ఫైల్‌ని ఓ ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకునుంది. పేరు పోయింది కాబట్టి డీయూకి కనపడదు, చోటు మాత్రం ఖాళీ కాలేదు. ప్రాసెస్ రీస్టార్ట్ చేస్తే సరిపోయింది.

నాకైతే వెంటనే నాగార్జునసాగర్ గుర్తొచ్చింది. మాది మిర్యాలగూడ వైపు, ఎడమ కాల్వ కింద. వానాకాలంలో మా బాపు పేపర్ తీయగానే చూసేది సాగర్ నీటిమట్టమే. పక్కనే ఇన్ని టీఎంసీలని కూడా వేస్తారు. ఆ టీఎంసీలని ఎవరో కొలుస్తారని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. కొలవరండీ! కొలిచేది మట్టం ఒక్కటే. ఏ మట్టానికి ఎన్ని టీఎంసీలో చెప్పే పట్టిక ఒకటుంటుంది, అందులో చూసి రాస్తారు.

1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకి నీళ్లు వదిలారు. మొదటి పట్టిక ప్రకారం 590 అడుగులకి 408 టీఎంసీలు. కానీ కృష్ణ నీళ్లతో పాటు ఒండ్రు కూడా తెస్తుంది కదా, అది ఏటా అడుగున పేరుకుంటూ పోయింది. మళ్లీ సర్వే చేసి లోతులు కొలిస్తే అదే 590 అడుగులకి తేలింది 312. అంటే 96 టీఎంసీల చోటు మట్టిపాలు! బచావత్ ట్రిబ్యునల్ లెక్కలో ఎడమ కాల్వకి ఏడాదికిచ్చింది 132 టీఎంసీలు, దాంతో పోల్చుకోండి. పైనున్న శ్రీశైలం కథా ఇంతే. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఒక ఒడ్డుగా ఉన్న ఆ రిజర్వాయర్‌లో 885 అడుగులకి 308 టీఎంసీలనుకున్నది ఇప్పుడు 215 చిల్లర.

పోనీ 312 అయినా మనవేనా అంటే అదీ కాదు. సాగుకి 510 అడుగుల దాకానే తీసుకోవాలి. దాని కింద ఉండిపోయేదే 130 టీఎంసీల పైచిలుకు. సైజు వేరు, చేతికొచ్చే సైజు వేరు.

ఇందులో మట్టం ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. పాతబడింది పట్టికే. రెండు సర్వేల మధ్య ఏళ్లలో ప్రభుత్వాలూ, రైతులూ లేని నీళ్లని లెక్కేసుకున్నారు. అందుకే ఈసారి వాటాల మీద గొడవ పడేవాళ్లని నేను ముందు అడిగేది ఒక్కటే - మీ పట్టిక ఏ సంవత్సరానిదీ? నా సర్వర్‌కి రీస్టార్ట్ ఉంది. పూడికకి లేదు మరి.