వికారాబాద్‌కు పేరిచ్చిన వంశం

నిజాం రాజ్యంలో నిజాం తర్వాత అంతటి వైభవం పాయిగాలది. పద్దెనిమిదో శతాబ్దంలో రెండో నిజాం అలీఖాన్ కొలువులో సేనలు నడిపిన అబుల్ ఫతేఖాన్ తేగ్‌జంగ్‌తో ఆ వంశం నిలదొక్కుకుంది. నిజాం కోసం సైన్యాన్ని పోషించాలి, అందుకు బదులుగా ఊళ్లకు ఊళ్లే జాగీరు. ఏలికతో వియ్యం ఆ బలానికి తోడైంది. తేగ్‌జంగ్ కొడుకు ఫక్రుద్దీన్ ఖాన్ నిజాం కూతుర్నే పెళ్లాడాడు.

ఈ ఫక్రుద్దీన్‌ను తలచుకోవలసింది మాత్రం అల్లుడిగా కాదు. సొంతంగా అచ్చుయంత్రం పెట్టించి, పాశ్చాత్య విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించాడు. బడి పెట్టాడు. ఆ వంశంలో అందరికంటే గొప్పవాడు ఇతడే అనిపిస్తుంది.

తర్వాతి తరాల్లో ఆస్తి మూడు శాఖలైంది: అస్మాన్ జా, ఖుర్షీద్ జా, వికార్-ఉల్-ఉమ్రా. మొదటివాడు, చివరివాడు హైదరాబాద్ ప్రధానులయ్యారు. అస్మాన్ జా కట్టించిన అస్మాన్‌గఢ్‌కు దగ్గరలోనే ఫ్రెంచి సేనాని రేమాండ్ సమాధి ఉంది. రేమాండ్ ఇక్కడ నిజాం సేనలకు తర్ఫీదు ఇచ్చేవాడు. 1798లో కన్నుమూశాడు.

వికార్-ఉల్-ఉమ్రా 1884లో ఫలక్‌నుమాకు పునాది వేశాడు. కట్టడానికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది, అప్పులు మీదపడ్డాయి. చివరికి ఆ మేడ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్లింది. వంద మందికి పైగా ఒకేసారి కూర్చునే భోజనబల్ల అక్కడ ఇప్పటికీ ఉంది. చూసినవారు ఆ బల్ల గురించే చెబుతారు. ఆ ఖర్చుకు ఆధారం పాయిగా జాగీరు ఊళ్ల శిస్తు అని కూడా చెప్పుకోవాలి.

మూసీ పుట్టే అనంతగిరి కొండల పక్కనున్న ఊరు వికారాబాద్ అయింది వికార్-ఉల్-ఉమ్రా పేరు మీదే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వేసిన నిజాం రైలుమార్గం తాండూరు, వికారాబాద్‌ల మీదుగానే సాగుతుంది. తాండూరు అనగానే నాపరాయి, కంది గుర్తొస్తాయి. జాగీర్దార్ల కాలం పోయినా రాతిగనుల కూలీ, కందిచేల రైతు అక్కడే ఉన్నారు. ఈ ప్రాంత చరిత్ర రాసేవారు మేడలతో పాటు వీరినీ లెక్కలోకి తీసుకోవాలి.

1949 ఆగస్టులో జాగీర్ల రద్దుతో పాయిగాల ఏలుబడి ముగిసింది. సంతోష్‌నగర్ దగ్గరి పాయిగా సమాధుల్లో సున్నపు గచ్చులో తీర్చిన నగిషీలు, జాలీలు చూస్తే ఆనాటి పనివారి నేర్పుకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. 2016 అక్టోబరులో తాండూరు, పరిగి, కొడంగల్‌లను కలుపుకుని ఏర్పడిన కొత్త జిల్లాకూ వికారాబాద్ పేరే పెట్టారు.