హౌస్‌వైఫ్ అనే మాట వెనక

పిల్లల స్కూలు ఫారంలో తల్లి వృత్తి దగ్గర "హౌస్‌వైఫ్" అని ఎన్నిసార్లు రాసుంటామో కదా! ఆ మాటకి దాదాపు 800 ఏళ్ల వయసుంది. పాత ఇంగ్లీషులో "వైఫ్" అంటే పెళ్ళామనే కాదు, ఆడమనిషి అని. మంత్రసానిని "మిడ్‌వైఫ్" అనడంలో ఆ అర్థమే మిగిలింది. అంటే హౌస్‌వైఫ్, ఇంటి పెత్తనం చూసుకునే ఆవిడన్నమాట.

తిరకాసు తర్వాత మొదలైంది. జనం ఆ మాటని నోట్లో నలిపి నలిపి "హసీ" చేశారు. మొదట్లో దానికీ ఇల్లాలనే అర్థం. 17వ శతాబ్దం వచ్చేసరికి సిగ్గులేని ఆడది అనే తిట్టయి కూర్చుంది! "హస్బెండ్" కూడా ఇల్లు అనే మాటలోంచి పుట్టిందే, ఇంటి యజమాని అని. దానికి మాత్రం ఏ మచ్చా అంటలేదు. పైగా "హస్బెండ్రీ" అంటే సేద్యం, పొదుపు. చూశారా పక్షపాతం!

బ్రిటిష్ సిపాయిలు బొత్తాలు కుట్టుకునే సూదీదారాల సంచినీ హౌస్‌వైఫ్ అనే పిలిచేవారు. నాకు నవ్వొచ్చింది.

2023లో మన సుప్రీంకోర్టు జడ్జీల కోసం తెచ్చిన చేతిపుస్తకంలో హౌస్‌వైఫ్ బదులు "హోమ్‌మేకర్" వాడమంది. మంచిదే. నాకైతే మన "ఇల్లాలు" ముద్దు. ఇల్లు, ఆలు కలిసిన మాట అది, అచ్చం హౌస్, వైఫ్ లాగే. ఈసారి ఫారంలో అదే రాస్తాను, తెలుగులోనే.